స్వరాలు టైపు చేస్తే సరిపోదు, పేర్చాలి

సంగీతం క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నొటేషన్ (పాటని స్వరాలుగా రాసిన) పీడీఎఫ్‌లు ఓ పది తెరిచి చూడండి. సగం వర్డ్‌లో టైపు చేసి, స్పేస్ బార్ నొక్కి నొక్కి వరసలు కలిపినవి. చేసినవాళ్ళ కంప్యూటర్లో బాగానే ఉండి ఉంటాయి. ఎవరో ఆ ఫైలు ఫోన్లో తెరిచి పీడీఎఫ్ చేసేసరికి ఫాంటు మారిపోతుంది. స్వరాల వరస ఒకవైపు, సాహిత్యం (పాట మాటలు) వరస ఇంకోవైపు జరిగి, తాళం గీతలు ఎక్కడో మధ్యలో వేలాడుతుంటాయి. మిగతా సగం పాత పుస్తకాలకి తీసిన ఫోటోలు. పుస్తకం మడత దగ్గర అక్షరాలు వంకర తిరిగి, పై చుక్కలు ఉన్నాయో, కాగితం మీద మచ్చలో తేలదు. పాట ముందే వచ్చినవాళ్ళు వీటిని ఎలాగో సర్దుకుని చదివేస్తారు. రానివాళ్ళకి మాత్రం పనికిరావు. తయారు చేసిందేమో రానివాళ్ళ కోసం.

నేను కొన్నేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా ఈ పని చేస్తున్నాను. టీచర్ల చేతిరాత పుస్తకాల్లోంచి గీతాలు, వర్ణాలు, కృతులు కంప్యూటర్లోకి ఎక్కించి, పిల్లలు చూసి పాడుకునేలా పేజీలు తయారు చేస్తాను. "ఓ రెండు పేజీలు టైపు చేసి పెట్టండి, అరగంట పని" అంటారు అడిగేవాళ్ళు. వాళ్ళతో నా పేచీ ఒక్కటే. ఉత్తరమో కథో అయితే అక్షరాలు సరిగా పడ్డాక పని అయిపోయినట్టే. నొటేషన్‌లో ఒక్క అచ్చుతప్పు లేకుండా కూడా పాట తప్పుగా ఉండొచ్చు. ఏ అక్షరం ఉందన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం.

ఒక గీతం తీసుకుందాం. కర్ణాటక సంగీతం మొదలుపెట్టిన ప్రతి పిల్లా పాడే పురందరదాసు పిళ్ళారి గీతం, "శ్రీ గణనాథ". మలహరి రాగం, రూపక తాళం. ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, ఆరు అక్షరాలు (ఇక్కడ అక్షరం అంటే రాసేది కాదు, తాళం లెక్క): మొదటి భాగమైన ద్రుతానికి రెండు, తర్వాతి భాగమైన లఘువుకి నాలుగు. మొదటి రెండు ఆవర్తనాలు ఇవి (పైన స్వరాలు, కింద సాహిత్యం; కామా అంటే ముందు అక్షరం సాగాలని, జంట గీత అంటే ఆవర్తనం అయిందని):

మ ప | ద స స రి ‖ రి స | ద ప మ ప ‖
శ్రీ , | గ ణ నా థ ‖ సిం ధూ | ర , వ ర్ణ ‖

మామూలు పేరాల్లో పెట్టాను కాబట్టి ఈ రెండు వరసలూ మీ తెర మీద ఒకదానికింద ఒకటి సరిగ్గా నిలబడి ఉండవు. నేను చెప్పబోయేది కూడా అదే. ఇందులో "శ్రీ" ఒక్క అక్షరమే, కానీ మ, ప రెండింటి మీదా సాగాలి. "గ" ద కింద ఉండాలి, అంటే లఘువు దెబ్బ పడేచోట. తర్వాతి ఆవర్తనంలో "ర" కూడా ద, ప రెండింటి మీదా సాగుతుంది. ఇప్పుడు మొదటి ఆవర్తనం సాహిత్యం ఒక్క గడి ఎడమకి జరిగిందనుకోండి. "గ" వెళ్ళి ప కింద పడుతుంది. ఇంట్లో ఒక్కతే సాధన చేసుకునే ఎనిమిదేళ్ళ పిల్ల "శ్రీ గ" అని ద్రుతంలోనే పాడేస్తుంది. లఘువులో నాలుగో దెబ్బకి పాడటానికి ఏమీ మిగలక "థ"ని సాగదీస్తుంది. వచ్చే క్లాసులో టీచరు "ఎక్కడ నేర్చుకున్నావే ఇలా" అంటుంది. కాగితంలో చూసే నేర్చుకుంది పాపం.

తెలుగులో ఈ జరగడం మరీ తేలిగ్గా జరుగుతుంది. మన అక్షరాల వెడల్పులు ఒక్కలా ఉండవు. ర కాస్త జాగాలో సరిపోతుంది, మ దానికి రెట్టింపు తింటుంది, ఒత్తులున్న అక్షరం పక్కకి కూడా కాలు చాపుతుంది. ఇంగ్లీషు అక్షరాలైతే టైప్‌రైటర్ తరహా ఫాంటులో కొట్టి నిలువుగా నిలబెట్టొచ్చు. తెలుగుకి ఆ దారి లేనట్టే. పైగా వెబ్ పేజీలో మీరు పక్కపక్కన ఎన్ని స్పేసులు కొట్టినా బ్రౌజరు వాటిని ఒక్కటిగానే చూపిస్తుంది. వర్డ్‌లో పేరాని రెండు అంచులకీ సమంగా సర్దమంటే అది తనకి తోచినచోట ఖాళీలు సాగదీస్తుంది. ఫోన్లోనైతే వరస మడతపడి ఆవర్తనం నడుం విరుగుతుంది.

దీనికి మందు ఒక్కటే, గడులు. ఒక్కో పొట్టి స్వరం పట్టేంత కాలానికి ఒక్కో గడి. స్వరం పై గడిలో, సాహిత్యం కింది గడిలో, గీతలు కనబడని పట్టిక. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో ఉన్న వర్ణానికి అక్షరానికి నాలుగు స్వరాల లెక్కన ఆవర్తనానికి 32 గడులు కావాలి. ఏ4 కాగితం నిలువుగా పెడితే 32 గడులు ఇరుకైపోతాయి. అందుకని లఘువు 16 గడులూ ఒక వరస, రెండు ద్రుతాలూ కలిపి 16 గడులు రెండో వరస. పాత పుస్తకాల్లో కూడా ఈ విరుపు తరచుగా కనిపిస్తుంది, అది కాగితం కొలతలోంచి పుట్టిన తెలివి. పడుకోబెట్టిన కాగితం మీద ఒకే వరసలో వేయమని కొందరు అడుగుతారు. ఫోన్లో చూసేవాళ్ళకి అది చీమల బారు. నేను వేయను.

గడులు పెట్టుకున్నాక ఇంకో రెండు లాభాలు దొరుకుతాయి. మొదటిది ఎత్తుగడ, అంటే తాళంలో పాట అందుకునే చోటు. దేశాది నడకలో ఉన్న త్యాగరాజ కృతుల్లో పాట సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద మొదలవదు, ఒకటిన్నర అక్షరాలు వదిలి అందుకుంటుంది. చాలా కాగితాల్లో పాట మొదటి అక్షరాన్ని ఎడమ అంచుకి ఆనించేసి, తాళం గీతల్ని దాన్నిబట్టి ఎటో జరుపుతారు. అలా కాకుండా ముందు ఖాళీ గడులు వదిలేస్తే, దెబ్బ వేసి ఎంతసేపు ఆగాలో కంటికే తెలుస్తుంది. రెండోది సంగతులు, అంటే పాటలో ఒకే ముక్కని మార్చి మార్చి పాడే తీరులు. పల్లవికి ఆరేడు సంగతులుంటే, మారిన ముక్క మాత్రమే రాసి "మిగతాది పైన చెప్పినట్టే" అనడం కాగితం పొదుపు చేసే కాలంనాటి అలవాటు. నేను ప్రతి సంగతినీ పూర్తిగా వేస్తాను, ఒకదానికింద ఒకటి, గడికి గడి. అప్పుడు మూడో సంగతికీ నాలుగో సంగతికీ తేడా ఎక్కడ మొదలైందో వేలుపెట్టి చూపించొచ్చు.

ఇక చుక్కలు. తారస్థాయికి (పై స్థాయి స్వరాలకి) అక్షరం మీద చుక్క, మంద్రానికి (కింది స్థాయికి) కింద చుక్క. చెప్పడానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టికలో, పై చుక్క, కింది చుక్క విడివిడిగా ఉన్నాయి, ఏ అక్షరానికైనా తగిలించొచ్చు. కానీ తగిలించిన చుక్క ఎక్కడ కూర్చోవాలో చెప్పాల్సింది ఫాంటు. తెలుగు ఫాంటులు చేసేవాళ్ళు వార్తలు, పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు దృష్టిలో పెట్టుకుని చేస్తారు. తార రి వాళ్ళకి ఎదురవదు. అందుకని ఆ చుక్క వెళ్ళి రి మీది గుడిలో దూరిపోతుంది, లేదా పక్క అక్షరం నెత్తిన కూర్చుంటుంది. కొన్నిచోట్ల చుక్కతోపాటు చుక్కలతో గీసిన ఒక ఉత్త వలయం కూడా ప్రత్యక్షమవుతుంది.

కింది చుక్క ఇంకా ప్రమాదం. ఆరో స్వరమైన ధైవతానికి కొందరు ద అని రాస్తారు, కొందరు ధ అని. ధ అంటే ద కింద ఒక చిన్న గీత. మంద్ర ద అంటే ద కింద ఒక చుక్క. చిన్న అక్షరాల్లో, ఫోటోకాపీకి ఫోటోకాపీ తీశాక, గీతకీ చుక్కకీ తేడా ఏం మిగులుతుంది? మధ్యస్థాయి ధైవతమేమో మంద్రంలా కనబడుతుంది, మంద్రమేమో మామూలు ధ అయిపోతుంది. కాబట్టి నా పేజీల్లో ధ ఉండదు. శాస్త్రం ధైవతం అంటుంది కదా అని కొందరు పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. శాస్త్రం మీద గౌరవం ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చదివేవాళ్ళ మీద ఇంకొంచెం ఎక్కువ ఉంది.

కాలం గీతల సంగతి కూడా ఇలాంటిదే. స్వరాలు రెట్టింపు వేగంలో వస్తే వాటి మీద ఒక గీత, ఇంకా వేగమైతే రెండు. వర్డ్‌లో కింద గీత గీయడానికి మీట ఉంది, పైన గీయడానికి తిన్నగా ఏమీ లేదు. దాంతో అందరూ కింద గీస్తారు. ఆ గీత మంద్ర చుక్కల్ని కొట్టుకుంటూ పోతుంది.

ఇవన్నీ కంప్యూటర్లు తెచ్చిపెట్టిన చిక్కులు, సీసం అక్షరాల రోజుల్లో ఇంకెంత ఘోరంగా ఉండేదో అనుకుంటాం. 1904లో ఎట్టయపురం సంస్థానంలో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని చూశాక నాకు ఆ మాట అనడానికి నోరు రాలేదు. రాసింది సుబ్బరామ దీక్షితులు, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకి దత్తపుత్రుడు. ఊరు తమిళదేశంలో, పుస్తకం తెలుగులో. ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండొందలకి పైగా స్వరపరిచి ఉన్నాయందులో. స్వరం, స్థాయి చుక్కలు, కాలం గీతలు, కింద సాహిత్యం, ఇవి చాలవన్నట్టు గమకాలకి (స్వరాన్ని ఊపడం, జార్చడం లాంటి వాటికి) విడిగా గుర్తులు. కంపితానికి అలల గీత, ఎక్కే జారుకి ఒక వాలు గీత, దిగే జారుకి దానికి ఎదురు వాలు. స్ఫురితానికి మూడు చుక్కలు, లెక్కల పుస్తకంలో "కాబట్టి" అన్నదానికి పెట్టే గుర్తే. ప్రత్యాహతానికి దాన్ని తలకిందులు చేసిన మూడు చుక్కలు, అంటే "ఎందుకంటే". (లెక్కల మాస్టారు ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే ఏ సిద్ధాంతాన్ని నిరూపిస్తున్నారో అనుకుంటారు.)

ఆ పుస్తకం చదవడం తేలికని అనను. పేజీ కిక్కిరిసి ఉంటుంది. కానీ సీసం అక్షరాలు పేర్చే కంపోజిటరు చేతిపని ఊహించుకోండి. ఒక్కో వరసా అంతస్తులు అంతస్తులుగా కట్టాలి, అదీ అద్దంలో బొమ్మలా తిరగేసి. ఒక అంతస్తులో అక్షరం వెడల్పు పెరిగితే పైదానిలోనూ కిందిదానిలోనూ అంతే మందం సీసపు ముక్క దూర్చాలి, లేకపోతే పేజీని చట్రంలో బిగించినప్పుడు నిలవదు. ఆ పనిలో ఖాళీ జాగా కూడా చేత్తో పట్టుకుని పెట్టాల్సిన వస్తువు. మనకి ఖాళీ అంటే మీట నొక్కితే వచ్చేది, అందుకే దాన్ని లెక్కచేయం. 120 ఏళ్ళ తర్వాత, జేబులో కంప్యూటరు పెట్టుకుని, అంతకంటే నాసిగా చేస్తున్నాం. నాకు కడుపుమంట అక్కడే.

ఈ పుస్తకం రావడానికి సుబ్బరామ దీక్షితుల వెంటపడినవాళ్ళలో చిన్నస్వామి మొదలియారు ఒకరు. ఆయన 1890లలోనే మన కృతుల్ని పాశ్చాత్యుల ఐదుగీతల స్టాఫ్ నొటేషన్‌లో అచ్చేయించారు. స్టాఫ్ నొటేషన్ మనకి పనికొస్తుందా రాదా అన్న చర్చలోకి నేను దిగను. కానీ దాన్ని అచ్చేసేవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. యూరప్‌లో తగరం కలిసిన మెత్తని లోహపు పలకల మీద, తిరగేసి, స్వరం తలకాయల్ని ఉక్కు పంచ్‌లతో సుత్తి కొట్టి దింపేవారు. 19వ శతాబ్దంలో లైప్జిగ్ ఈ పనికి పేరుమోసింది. ఏళ్ళ తరబడి శిష్యరికం చేస్తేగానీ పలక చేతికిచ్చేవారు కాదు. వాళ్ళ సూత్రాల్లో ఒకటి నాకు బాగా నచ్చుతుంది: రెండు మాత్రల స్వరానికి ఒక మాత్ర స్వరం కంటే ఎక్కువ జాగా ఇవ్వాలి, కానీ రెట్టింపు ఇవ్వకూడదు, కంటికి వెలితిగా ఉంటుంది. మనం అది తీసుకోకూడదు. మన పాటగాడు చేత్తో తాళం వేస్తూ చదువుతాడు, దెబ్బకీ దెబ్బకీ మధ్య జాగా సమానంగా ఉండటమే అతనికి నయం. తీసుకోవాల్సింది ఇంకోటి. వాయించేవాళ్ళకి విరామం వచ్చేచోట పేజీ ముగిసేలా వాళ్ళు వరసల్ని సర్దుతారు, పేజీ తిప్పడానికి ఒక చెయ్యి ఖాళీ దొరకాలని. మన గాయకుడికి ఒక చెయ్యి తాళంలో ఉంటుంది, వీణ వాయించేవాళ్ళకి రెండు చేతులూ ఖాళీ ఉండవు. అయినా మన పుస్తకాల్లో చిట్టస్వరం (పాటలో స్వరాలతోనే పాడే ముక్క) సరిగ్గా సగంలో పేజీ తిరుగుతుంది.

కంప్యూటర్లు వచ్చాక అక్కడా ఈ గొడవే జరిగింది. 1996లో ఇద్దరు డచ్చి సంగీతకారులు, హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ నీవెన్‌హౌజెన్, లిలీపాండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. కారణం, కంప్యూటర్లో చేసిన పేజీలు పాత చేతిపని పేజీల ముందు జీవం లేకుండా, చదవడానికి అలుపొచ్చేలా ఉన్నాయని. పాత పలకల పేజీలు ముందు పెట్టుకుని, అవి ఎందుకు బాగున్నాయో కొలిచి, ఆ కొలతల్ని ప్రోగ్రాములోకి ఎక్కించారు. మనం కూడా చేయాల్సిన పని అదేనని నా వాదన.

లిలీపాండ్‌లో ఇంకో మంచి సంగతి, పాటని మామూలు టెక్స్టుగా రాసి ఇస్తాం, పేజీ అది తయారు చేస్తుంది. ఇది ఎందుకు ముఖ్యమో 2024 ఆగస్టులో చాలామందికి తెలిసొచ్చింది. 1988 నుంచి ఉన్న ఫినాలే అనే పేరున్న నొటేషన్ సాఫ్ట్‌వేర్‌ని ఇక ఆపేస్తున్నామని దాని కంపెనీ ప్రకటించింది. దశాబ్దాల పనిని ఆ ఫైళ్ళలో దాచుకున్నవాళ్ళు వేరే నొటేషన్ సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌లోకి మార్చుకోవడానికి పరుగులు పెట్టారు. వాళ్ళకి కనీసం మార్చుకునే దారి ఉంది. మన డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని పాత ఫాంటులతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో చేసిన సంగీత పుస్తకాల గతేమిటి? ఒక పుస్తకం తాలూకు ఫైళ్ళు ఈమధ్య నా దగ్గరికొచ్చాయి. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త. మళ్ళీ మొదటినుంచి ఎక్కించాల్సి వచ్చింది.

అందుకని నేను పాటని మొదట ఒట్టి టెక్స్టుగా రాసుకుంటాను. తారస్థాయికి అక్షరం పక్కన ఒక కొమ్ము గుర్తు, మంద్రానికి ఒక చుక్క, సాహిత్యం విడి వరస. దాన్ని చూసి గడులు నింపే పని ఒక చిన్న ప్రోగ్రాముది. అదే ప్రోగ్రాము లెక్క కూడా చూస్తుంది: హ్రస్వానికి 1, దీర్ఘానికి 2, కామాకి 1, సెమికోలన్‌కి 2. కూడితే రూపకంలో ఆరు రావాలి, రాకపోతే ఆ ఆవర్తనం ఎర్రగా కనబడుతుంది. చేతిరాత పుస్తకాల్లో కామా ఒకటి ఎక్కువైన చోట్లు, దీర్ఘం మర్చిపోయిన చోట్లు ఇలా టకటకా దొరికిపోతాయి. టీచర్లు కూడా ఆశ్చర్యపోతారు, వాళ్ళు పాడేటప్పుడు సరిగానే పాడతారు మరి, చెయ్యి అలవాటుగా రాసేసింది. ఆ ఒక్క టెక్స్టులోంచే తెలుగు పేజీ, కన్నడ పేజీ, తెలుగు చదవడం రాని డాలస్ పిల్లలకి రోమన్ పేజీ వస్తాయి. వర్డ్ ఫైలు అయితే మూడుసార్లు చేయాలి, మూడుచోట్లా తప్పులు దిద్దాలి.

ఈ లెక్కకి దొరకని తప్పులూ ఉన్నాయి. తార స మీద చుక్క పోతే కూడిక మారదు. ప బదులు ద పడినా మారదు. వాటికి తాళం వేస్తూ కాగితం చూసి పాడటం తప్ప వేరే ప్రూఫు లేదు. పాట బాగా వచ్చినవాళ్ళు ఆ ప్రూఫు చూడకూడదు, వాళ్ళ గొంతు తప్పుని దిద్దేసుకుని ముందుకి పోతుంది. స్వరజ్ఞానం ఉండి ఆ పాట రానివాళ్ళు కావాలి.

"సంగీతం గురుముఖతా నేర్చుకునేది, కాగితం జ్ఞాపకానికి మాత్రమే, దానికింత హడావుడి దేనికి" అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో మొదటి సగం నూటికి నూరుపాళ్ళు నిజం. మలహరిలో రి ఎక్కడ పలకాలో కాగితం చెప్పలేదు. కానీ గురువు విజయవాడలో ఉండి, పిల్ల న్యూజెర్సీలో ఉండి, వారానికి ఒక గంట జూమ్‌లో కలుసుకుంటే, మిగిలిన ఆరు రోజులూ ఆ పిల్ల ముందున్నది కాగితమే. జ్ఞాపకానికే అయితే తప్పుడు జ్ఞాపకం ఇవ్వకూడదు కదా. పరంపరలోంచి వచ్చిన సుబ్బరామ దీక్షితులకి గురుముఖం విలువ మనం చెప్పాలా? అయినా ఆయన గమకం గమకానికీ గుర్తు పెట్టి రాశారు.

డబ్బుల సంగతి ఒక ముక్కలో తేల్చేస్తాను. పేజీకి ఇంత అని టైపింగ్ రేటు కట్టి ఈ పని చేయించుకుంటే టైపింగే వస్తుంది.

గమకాల గుర్తులు పిల్లల కాగితాల్లో కూడా వేయాలా అన్నదగ్గర నా స్నేహితులకీ నాకూ పడదు. వేయాలని వాళ్ళంటారు. గీతాల్లో, స్వరజతుల్లో వద్దని నేనంటాను. ఆ వయసులో వరస, తాళం, సాహిత్యం మూడూ చూడటమే కంటికి ఎక్కువ పని. జంటస్వరాల్లో స్ఫురితం టీచరు ఎలాగూ పాడి చూపిస్తుంది. వర్ణాలకి వచ్చాక ఒకటీ రెండూ, దీక్షితుల కృతులకి వచ్చాక ఆ పుస్తకంలో ఉన్నవన్నీ. అప్పుడు స్వరం మీద చుక్క, దాని మీద గమకం గుర్తు, దాని మీద కాలం గీత. ఇంతా పేర్చాక అడుగున ఉన్న చుక్క తన చోట కూర్చోకపోతే పైవన్నీ ఒరిగిపోతాయి.

అందుకని ఇది చదివేవాళ్ళలో తెలుగు ఫాంటులు చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క విన్నపం. స రి గ మ ప ద ని, వాటి దీర్ఘాలు, మొత్తం 14 ఆకారాలు. ధ వదలలేనివాళ్ళ కోసం దాన్నీ దాని దీర్ఘాన్నీ కలిపితే 16. ఒక్కోదానికి పై చుక్క ఎక్కడ కూర్చోవాలో, కింది చుక్క ఎక్కడ కూర్చోవాలో ఫాంటులో చెప్పి పెట్టండి. మొత్తం 32 చోట్లు. తార రి మీద చుక్క గుడిని తగలకుండా నిలబడితే చాలు, మిగతా అంతస్తులు నేను చూసుకుంటాను.